ఎండాకాలం పొదుగు



ఈసారి సంచికకు ఏదైనా రాయమన్నారు. నాకు కథలు రావు, గేయాలు రావు. నాకు బాగా తెలిసింది కోడి. తెలుగు టీచర్ గారిని అడిగితే "తెలిసిందే రాయి, పుస్తకంలోంచి ఎత్తి రాయకు" అన్నారు. అందుకని కోడి గుడ్లు పొదగడం గురించి రాస్తున్నాను. ఇది 2025 ఎండాకాలం సెలవుల్లో మా ఇంట్లో జరిగిన సంగతి. పక్కన బొమ్మ మా క్లాసు అమ్మాయి వేసింది. పెట్టకి తోక అంత పొడుగు ఉండదు, అది పుంజు తోక. మీరు చూసి నవ్వొద్దు, ఆమె బాధపడుద్ది.

మాది వెల్దుర్తి మండలం. అడవి అంచున చెంచు కాలనీ. మా అమ్మ, నాయన, అవ్వ అందరిదీ వేలిముద్రే. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మాకు బర్రెలు లేవు, మేకలు లేవు. కోళ్ళున్నాయి. కోళ్ళు అమ్మవి. పత్తి తీసినా మిరపకాయలు కోసినా ఆ కూలి డబ్బులు నాయన చేతికి వస్తాయి. గుడ్లు అమ్మిన డబ్బులు మాత్రం అమ్మ కొంగులో ముడి పడతాయి. నా సబ్బులు, తలనూనె, బస్సు చార్జీ అన్నీ ఆ ముడిలోంచే వచ్చేవి. (అప్పటికి ఆడవాళ్ళకి ఉచిత బస్సు లేదు. అది ఆగస్టు 15న మొదలైంది.)

మన పల్నాడులో కోడి అనగానే అందరూ పుంజు గురించే చెప్తారు. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ కోడిపందెం వేశారు, బ్రహ్మనాయుడి కోడి ఓడిపోయింది, వాళ్ళు ఏడేళ్ళు అరణ్యవాసం పోయారు, తర్వాత కారంపూడిలో యుద్ధం జరిగింది అని. ఇప్పటికీ కార్తీక మాసంలో కారంపూడి తిరణాలలో అయిదు రోజులకి ఒక రోజు కోడిపోరు అని చేస్తారు. మా పెదనాయన నన్ను ఒకసారి తీసుకెళ్ళాడు. అందరూ పుంజుల్నే చూస్తున్నారు. ఆ రెండు పుంజుల్నీ కూడా ఏదో ఒక పెట్ట ఇరవై ఒక్క రోజులు తిండి మానుకుని పొదిగే ఉంటుంది కదా. దాని పేరు ఎవరూ చెప్పరు.

ఇక అసలు సంగతి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో ఫారం కోళ్ళకి బర్డ్ ఫ్లూ వచ్చింది. మార్చిలో మన నరసరావుపేటకి చెందిన రెండేళ్ళ పాప ఆ జబ్బుతోనే చనిపోయింది. ఏప్రిల్ మొదట్లో ఆ మాట బయటికి వచ్చేసరికి మా వైపు కోళ్ళంటేనే భయం పుట్టింది. సంతలో గుడ్లు కొనేవాళ్ళు తగ్గిపోయారు. కూర తినొచ్చు గానీ బాగా ఉడికించాలి, చచ్చిన కోడిని ముట్టుకోకూడదు అని ఆఫీసర్లు చెప్పారు. మా కాలనీలో కొంతమంది కోళ్ళని వచ్చిన ధరకి అమ్మేశారు. మా నాయన కూడా అమ్మేద్దామన్నాడు. ఆ ఏడు మిరపకాయలకి రేటు లేదు, కోతకి పోతే కూలి కూడా సరిగ్గా పడలేదు. ఇంట్లో డబ్బులు లేవు. అమ్మ నాలుగు అమ్మింది. అవ్వ గంప మీద కూర్చుని నల్ల పెట్టని మాత్రం అమ్మనీయలేదు.

నేను ఏప్రిల్ 24న సెలవులకి ఇంటికి పోయాను. అప్పటికే నల్ల పెట్ట పొదుగుకి వచ్చి ఉంది. మీలో చాలామందికి తెలుసు, తెలియని వాళ్ళకోసం రాస్తాను. పెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టాక గుడ్డు ఆపేస్తుంది. గూటిలోంచి లేవదు. దగ్గరికి పోతే ఈకలన్నీ నిక్కబొడుచుకుని కుర్ర్ కుర్ర్ అంటుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. దిగినప్పుడు రెక్కలు దించుకుని కుక్ కుక్ అంటా తిరుగుతుంది. గుడ్లే కావాలి, పిల్లలు వద్దు అనుకునేవాళ్ళు దాన్ని నీళ్ళలో ముంచుతారు, లేకపోతే ముక్కులో ఈక దూరుస్తారు. అప్పుడు పొదుగు మర్చిపోయి మళ్ళీ గుడ్లకి వస్తుంది. నాయన "ముంచండి, ఈ ఎండల్లో పొదుగేంది, గుడ్లన్నీ మురిగిపోతయ్యి" అన్నాడు.

ఆయన అన్నది అబద్ధం కాదు. మా పక్కన రెంటచింతల ఉంది. ఎండలంటే టీవీలో మొదట దాని పేరే వస్తుంది. 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. ఎండాకాలంలో పొదిగిస్తే సగం గుడ్లు పోతాయి. అవ్వ ఎప్పుడూ చలికాలంలోనే పొదుగు వేయిస్తుంది.

కానీ మా చెల్లి ఉంది. చెల్లికి పదేళ్ళు. అది కాలనీ బడికి కొన్నాళ్ళు పోవటం, కొన్నాళ్ళు మిరపకోతకి అమ్మావాళ్ళ వెంట పోవటం. జూన్ లో దాన్ని నాతో పాటు ఇక్కడ అయిదో తరగతిలో వేయాలని అమ్మ అనుకుంది. నాయన వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. వచ్చే ఏడు అంటే మా కాలనీలో అర్థం ఏంటో నాకు తెలుసు. నాతో పాటు రెండో తరగతి చదివిన నలుగురికి కూడా వచ్చే ఏడు అనే చెప్పారు. ఇద్దరికి పెళ్ళిళ్ళు అయిపోయినయ్యి.

బడిలో అన్నం, పుస్తకాలు ఉచితమే. పెట్టె, తాళం, చెప్పులు, దుప్పటి మనమే తెచ్చుకోవాలి కదా. అమ్మ లెక్క ఏంటంటే, సంతలో గుడ్డు అమ్మితే పది పన్నెండు రూపాయలు, అది కూడా ఇప్పుడు కొనట్లేదు. అదే గుడ్డు పుంజు అయితే దసరాకి ఏడెనిమిది వందలు. మాచర్లలో పెట్టెల కొట్టాయన అమ్మకి తెలుసు. దసరాకి ఇస్తానంటే అరువు ఇస్తాడు. అవ్వ నాయనతో "పెట్ట తనంతట తాను కూకుంది. ముంచితే పాపం. మే నెల మొదటి సంతకి ఏద్దాం, రోహిణి రాకముందే దిగుతయ్యి" అంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటారు కదా, ఆ ఎండలు మొదలయ్యే లోపల పిల్లలు బయటికి రావాలని అవ్వ ఆలోచన.

అవ్వకి ఇరవై ఒకటి లెక్క రాదు. సంత రోజు గుడ్లేస్తే మూడో సంతకి పిల్లలు అంటుంది. మా సంత గురువారం. మే 1 గురువారం. నేను క్యాలెండర్ లో వేలు పెట్టి లెక్కబెట్టాను. 8, 15, 22. ఇరవై ఒక్క రోజులు. సరిపోయింది. రోహిణి మే 25న.

గుడ్లు దాచటం కూడా అవ్వే చేసింది. ఎండాకాలంలో గుడ్డు ఊరికే ఇంట్లో పెడితే ఆ వేడికే లోపల పిల్ల మొదలవుతుందంట. కోడి కూర్చోకముందే మొదలయ్యి చచ్చిపోతుందంట. అందుకని నీళ్ళకుండ కింద తడి ఇసుకలో పాత మట్టిమూకుడు పెట్టి అందులో దాచింది. వారం దాటినవి తీసి కూర వండింది. మిగిలినవి పదమూడు.

మా ఇల్లు రేకుల ఇల్లు. మధ్యాహ్నం లోపల ఉండలేం. పక్కనే అవ్వ బోదగుడిసె ఉంది, మట్టిగోడలు. పొదుగు అక్కడే వేశాం. పగిలిన కుండ అడుగు భాగాన్ని నేలలో సగానికి పూడ్చి, ఇసుక పోసి, మీద ఎండుగడ్డి, వేపాకు పరిచింది. వేపాకు పేలు పట్టకుండా. గడ్డిలో ఒక బొగ్గుముక్క, ఒక ఇనుప మేకు కూడా పెట్టింది, ఉరుములకి గుడ్లు చెడకుండా. మే 4 ఆదివారం గాలివాన వచ్చి బాగా ఉరిమింది. అవ్వ లేచి కూర్చుని మేకు ఉందో లేదో తడిమి చూసుకుంది. ఉరుముకి గుడ్డు చెడదని తర్వాత సైన్సు టీచర్ గారు చెప్పారు. నేను అవ్వకి చెప్పలేదు.

వేసే ముందు గుడ్ల మీద గుర్తు పెట్టాలి. లేకపోతే వేరే కోడి వచ్చి అందులో గుడ్డు పెట్టి పోతే ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు. అవ్వ బొగ్గుతో గీత గీస్తుంది. ఈసారి చెల్లి నేను గీస్తానని కూర్చుంది. గీతలు గీయలేదు, బొమ్మలు వేసింది. ఒక గుడ్డు మీద పెట్టె. ఒకదాని మీద తాళం. చెప్పులకి రెండు గుడ్లు, గుడ్డుకి ఒక చెప్పు. గొడుగు, రిబ్బన్లు, సబ్బు, పళ్ళెం, గ్లాసు, దుప్పటి, నూనె సీసా, బస్సు. పదమూడో దాని మీద ఏం వేయాలో తెలియక కోడినే వేసింది. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బొగ్గు చెరిగిపోతుందని నేను పెన్సిలుతో మళ్ళీ దిద్దాను.

దానివల్ల నాకు ఒక సంగతి తెలిసింది. పొద్దున చూసినప్పుడు పైకి ఉన్న పెట్టె బొమ్మ సాయంత్రానికి కిందికి పోయేది. మధ్యలో ఉన్న బస్సు చివరికి వచ్చేది. పెట్ట ముక్కుతో గుడ్లని తిప్పుతుంది, మధ్యవి పక్కకి, పక్కవి మధ్యకి జరుపుతుంది. తిప్పకపోతే పిల్ల పెంకుకి అతుక్కుపోతుందంట. పెద్ద ఫారాల్లో ఇదే పనికి మిషను పెడతారంట, గంటకోసారి ట్రే వంగుతుంది. మా పెట్ట రాత్రి కూడా తిప్పేది, చప్పుడు వినపడేది.

రోజుకి ఒక్కసారి దిగేది. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నాలుగు నూకలు తిని, నీళ్ళు తాగి, దుమ్ములో పొర్లి, పోయిన పరుగున వచ్చేది. దాని రొమ్ము కింద ఈకలు ఊడిపోయి చర్మం గుడ్లకి తగిలేటట్టు అయ్యింది. అక్కడ చెయ్యి పెడితే జొరం వచ్చిన పిల్ల నుదురులాగా కాలుతుంది.

వారం అయ్యాక రాత్రి పూట సెల్ ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూశాం. పిల్ల ఉన్నదాంట్లో సాలెపురుగులాగా ఎర్రటి నరాలు కనపడ్డాయి. రెండింటిలో ఏమీ లేదు, తెల్లగా వెలిగినయ్యి. గొడుగు, రిబ్బన్లు. చెల్లి ఏడవలేదు. "రిబ్బన్లు అక్కయ్యి ఉన్నయ్యిలే" అంది. నావే అనమాట. కొన్ని రోజులకి ఒక చెప్పు గుడ్డు మురిగి కంపు కొట్టింది. అవ్వ అది పగలకముందే తీసి దూరంగా పూడ్చింది. పగిలితే మిగతావి కూడా పోతాయి.

రెండో సంత ముందు రెండు రోజులు ఎండ బాగా ముదిరింది. మధ్యాహ్నం నేను గుడిసెలోకి పోతే పెట్ట గుడ్ల మీద కూర్చుని లేదు. కాళ్ళ మీద సగం లేచి, రెక్కలు రెండు పక్కలకీ దించి, నోరు తెరుచుకుని ఎగపోస్తా ఉంది. గుడ్లకి తగలట్లేదు. వదిలేసిందేమో అనుకుని అవ్వని పిలిచాను. అవ్వ చూసి "వదల్లా. అది గొడుగు పట్టింది" అంది. గోతాం తడిపి గాలి వచ్చే వైపు తడికకి కట్టింది. కుండ చుట్టూ ఇసుక మీద నీళ్ళు పోసింది. గడ్డి తడవకుండా చుట్టూరానే. పెట్ట ముందు నీళ్ళ చిప్ప పెట్టింది. పొద్దు వాలిందాకా పెట్ట అట్లాగే నిలబడింది. చల్లబడ్డాక కూర్చుంది.

కోడి గుడ్లకి వేడి ఇస్తుందని మనం అయిదో క్లాసు నుంచి చదువుతున్నాం. జూన్ లో బడికి వచ్చాక సైన్సు టీచర్ గారిని అడిగాను. గుడ్డుకి 37, 38 డిగ్రీల మధ్య వేడి కావాలి, 40 దాటి అట్లాగే ఉంటే లోపల పిల్ల బతకదు అన్నారు. అంటే మన పల్నాడులో మే నెల మధ్యాహ్నం బయటి వేడి గుడ్డుకి కావలసినదానికంటే ఎక్కువ. అప్పుడు కోడి వేడి ఇవ్వదు, వేడి తగలకుండా అడ్డం నిలబడుతుంది. మా పుస్తకంలో ఈ మాట లేదు. పుస్తకం రాసినాయన ఎండాకాలంలో మా వైపు వచ్చి ఉండడు.

ఇక్కడ ఇంకొక మాట. కొన్నేళ్ళ కిందట మా కాలనీలో వనరాజా పిల్లల్ని పంచారు. ఆ జాతిని హైదరాబాద్ రాజేంద్రనగర్ లో తయారు చేశారు. బాగా బరువు పెరుగుతాయి, నాటుకోడికంటే రెట్టింపు పైన గుడ్లు పెడతాయి. కానీ పొదగవు. పెట్టిన గుడ్డు వైపు తిరిగి కూడా చూడవు. అవ్వ వాటి గుడ్లని కూడా నల్ల పెట్ట తల్లి కిందే వేసి పిల్లల్ని చేయించింది. పేరు వనరాజా, చెట్టెక్కి పడుకోవడం కూడా సరిగ్గా రాలేదు, ముంగిసలు తీసుకుపోయినయ్యి.

చివరి మూడు రోజులు గాలి పొడిగా ఉందని అవ్వ గోరువెచ్చని నీళ్ళు చేత్తో గుడ్ల మీద చిలకరించింది. మే 21 రాత్రి గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టిక్కు టిక్కు అని వినపడింది. పెట్ట కూడా సన్నగా మాట్లాడటం మొదలు పెట్టింది. లోపలి నుంచి కీచుమంటే ఇది కుక్ అంటుంది. మేం ఇద్దరం నిద్రపోలేదు. మే 22 గురువారం, సంత రోజు, పొద్దెక్కేసరికి నాలుగు దిగినయ్యి. సాయంత్రానికి ఏడు. మూడు మిగిలినయ్యి, గ్లాసు, నూనె సీసా, తాళం.

తాళం గుడ్డుకి చిల్లు పడింది, ముక్కు కనపడుతుంది, కానీ ముందుకు పోవట్లేదు. పొరగుడ్డ ఎండి పిల్లకి అతుక్కుంది. నేను పెంకు వలుస్తానంటే అవ్వ చెయ్యి మీద కొట్టింది. "నరాల్లో ఇంకా నెత్తురుంది. ఇప్పుడు వలిస్తే కారి చచ్చిపోయిద్ది. తెల్లారనీ" అంది. తడిగుడ్డ కప్పి పెట్ట కింద పెట్టింది. తెల్లారాక పొర వైపు చూసింది. ఎర్ర గీతలు పోయి పొర తెల్లబడింది. అప్పుడు గోటితో కొంచెం కొంచెం పెంకు తీసి, తడి చేసి, మళ్ళీ ఆగి, మళ్ళీ తీసి, గంటసేపటికి పిల్లని బయటికి లాగింది. కుడికాలి వేలు ఒకటి వంకరగా ఉంది. అంతే. గ్లాసు, నూనె సీసా దిగలేదు. ఎనిమిది పిల్లలు.

దిగిన పిల్లలన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏది పెట్టె ఏది దుప్పటి చెప్పలేం. వంకర వేలిది ఒక్కటే గుర్తు. దాని పేరు తాళం అయ్యింది.

మొదటి రోజంతా పిల్లలు తినవు. కడుపులో పచ్చసొన ఉంటుంది, రెండు రోజులు దానితోనే బతుకుతాయి. తర్వాత నూకలు, ఉడికిన జొన్నగింజలు చితక్కొట్టి వేశాం. నీళ్ళ మూకుడులో గులకరాళ్ళు వేశాం, పడి చచ్చిపోకుండా. వారం తిరగకముందే రెండింటిని గద్ద ఎత్తుకుపోయింది. పెట్ట మీదికి ఎగిరింది గానీ అందలేదు.

ఇక కొక్కెర తెగులు భయం. అది వస్తే కాలనీలో ఒక్క కోడి మిగలదు. వారం పిల్లకి కంట్లో చుక్క వేస్తే ఆ తెగులు తట్టుకుంటుందంట. లసోటా అంటారు. పశువుల ఆసుపత్రికి పోతే సారు "ఒక సీసా తెరిస్తే వంద పిల్లలకి వస్తుంది, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. ఆరు పిల్లలకి తెరవలేను. కాలనీ మొత్తం లెక్క రాసుకుని రండి" అన్నారు. నేను నోటు పుస్తకం తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఎవరింట్లో ఎన్ని, ఎన్ని రోజులవి. కొంతమంది పథకమేదో వస్తుందనుకుని ఎక్కువ చెప్పారు, కొంతమంది భయపడి తక్కువ చెప్పారు. కోళ్ళని పట్టుకుపోతారేమోనని. గంపలు ఎత్తి నేనే లెక్కబెట్టాను. నలభై మూడు. సారు ఫ్లాస్కులో ఐసు వేసి సీసా పెట్టుకుని మే 29న వచ్చారు. మా తాళం చుక్క పడగానే తుమ్మింది.

రోహిణి కార్తె ఈసారి రోళ్ళు పగలగొట్టలేదు. 2025లో రుతుపవనాలు మే 24కే కేరళకి వచ్చేసినయ్యి, మా వైపు కూడా వానలు పడ్డాయి. ఎండకి భయపడి తొందర పడితే వాన వచ్చింది. ఒక రాత్రి గుడిసె కారి ఒక పిల్ల తడిసి చచ్చిపోయింది. అయిదు మిగిలినయ్యి.

జూన్ 12న బడి తెరిచారు. అమ్మ మాచర్లలో పెట్టె, తాళం అరువు తెచ్చింది. దుప్పటి అవ్వది. చెప్పులు నా పాతవి, చెల్లికి కొంచెం పెద్దవి, గుడ్డముక్క పెట్టి తొడుక్కుంది. నాయన బస్సు దాకా పెట్టె మోసుకొచ్చాడు, ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు చెల్లి అయిదో తరగతిలో ఉంది. రాత్రి ఏడిచేది మీ అందరికీ తెలుసు, ఇప్పుడు తగ్గింది.

దసరా సెలవులకి పోతే మూడు పుంజులు, రెండు పెట్టలు. అమ్మ రెండు పుంజులు అమ్మి కొట్టాయన బాకీ తీర్చింది. మూడో పుంజుకి ఎవరో పందెం కోసం ఎక్కువ ఇస్తామన్నా అవ్వ ఒప్పుకోలేదు, పెట్టలకి తోడు కావాలంది.

పోయిన ఆదివారం ఫోన్లో అమ్మ చెప్పింది. తాళం గుడ్లకి వచ్చిందంట. మొదటి గుడ్డు అవ్వ బియ్యం చాటలో పెట్టిందంట. చెల్లి ఫోన్ లాక్కుని ఆ గుడ్డు తినొద్దని అరిచింది. మొదటి గుడ్డు చిన్నగా ఉంటుంది, పొదుగుకి పనికి రాదని అవ్వ వండేసిందంట. సంక్రాంతి సెలవులకి చలి ఉంటుంది, అప్పుడు పొదుగు వేయిస్తే బాగుంటుందని చెల్లి బొగ్గుముక్క ఒకటి పెట్టెలో దాచి పెట్టుకుంది.